బురదపచ్చ అంగీలు

కోడి కూయకముందే సిరిసిల్ల డ్రిల్లు మాస్టరు శంకరయ్య ఈల ఊదాడు. ఆయన ఈల ఊదితే మానేరు అవతలి ఒడ్డున కుక్కలు కూడా వరుసగా నిలబడేవని చెప్పుకునేవారు. ఆ రోజు పదో తరగతి పిల్లలను వైజాగు విహారయాత్రకు తీసుకుపోవాలి. కాజీపేట దాకా కిరాయి బస్సు, అక్కడ పగటి రైలు, తెల్లారితే సముద్రం. సముద్రాన్ని పిల్లలే కాదు, శంకరయ్య కూడా చూడలేదు. ఆయనకు తెలిసిన పెద్ద నీళ్లు మానేరే; అందులోనూ ఏడాదిలో చాలా నెలలు ఇసుకే.

హెడ్మాస్టరు మాత్రం ముందే హెచ్చరించాడు.

"శంకరయ్యా, నలభై మందిని తీస్కపోతున్నవ్, నలభై మందిని తీస్కరావాలె. ఒక్కడు తప్పినా అన్నలల్ల కలిసిండంటరు. పోలీసులు ముందుగాల వాని అవ్వయ్యను పట్కపోతరు, ఎనుక నిన్ను, గా ఎనుక నన్ను."

పల్లెల్లో నక్సలైట్లు తిరిగే రోజులవి. మేనమామ ఇంటికి పోయిన పిల్లవాడు ఒక పూట ఎక్కువ ఉంటే అడవికి పోయాడని పుకారు పుట్టేది.

అందుకే శంకరయ్య ఒక ఉపాయం ఆలోచించాడు. వైజాగు జనంలో తన పిల్లలను గుర్తుపట్టాలంటే అందరికీ ఒకే రంగు అంగీలుండాలి. మరమగ్గాల సావుకారి లక్ష్మీరాజం వెంటనే ముందుకొచ్చాడు.

"బట్ట నేనిస్త సార్. మన పోరలకేనాయె."

లంగాల బట్టకని ఆయన చిలకపచ్చ అద్దకం వేయిస్తే, రంగు చెడి బురదపచ్చ వచ్చింది. ఆ తాన్లను ఏ దుకాణమూ తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదని శంకరయ్య అడగలేదు. ఫుకటుగా వచ్చిన బట్టకు రంగు చూసే అలవాటు ఆయనకు లేదు. తనతో సహా మనిషికి రెండేసి అంగీలు కుట్టించాడు, వేరేవి తేవద్దన్నాడు. డ్రిల్లు మాస్టరు కదా, భుజాల మీద పట్టీలు, జేబులకు మూతలు కూడా పెట్టించాడు. చీకట్లోనే తొడుక్కుని బస్సెక్కారు గనక ఆ ముస్తాబును సిరిసిల్లలో ఎవరూ చూడలేదు.

కరీంనగర్ దాటాక ఒక పల్లె దగ్గర ఇంజను ఉడికిపోయి పొగలు చిమ్మింది.

"నీళ్లు కావాలె సార్" అన్నాడు డ్రైవరు.

మామూలు పంతులైతే ఇద్దరిని పంపేవాడు. శంకరయ్య నలభై మందినీ దింపి, రెండు వరుసలు కట్టించి, భుజాన సంచులతో, చేతుల్లో బకెట్లతో, లెఫ్ట్ రైటంటూ ఊళ్లోకి నడిపించాడు.

ఆ రంగు చూసి దళం దిగిందనుకుని ఊరంతా టపటపా తలుపులేసుకుంది. గడీలోంచి ఊరి భూస్వామి దామోదర్ రావు దొర పెరటి గోడ దూకాడు. డెబ్బై ఏళ్ల మనిషి అంత ఎత్తు గోడ ఎట్లా దూకాడో ఆ గోడకే తెలియాలి. కాసేపటికి గౌరవ్వ అనే ముసలామె చల్లకుండతో బయటికొచ్చింది.

"దండాలన్నా! చల్ల తాగున్రి. బువ్వ గుడ వండుతున్నరు."

"బువ్వ వద్దవ్వా, నీళ్లు చాలు. రైలుకు పోవాలె. వైజాగుల సముద్రం చూడవోతున్నం."

గౌరవ్వ కన్ను గీటింది. "గట్లనే అన్నా. పోలీసులడిగితే సముద్రానికే పోయిన్రని చెప్తం."

"అడిగితే చెప్పుడు గాదవ్వా, నిజంగనే పోతున్నం!"

"మాకెర్క లేదా అన్నా!"

ఇంతలో భూమయ్య, గంగారాం అనే అన్నదమ్ములు పరుగెత్తుకొచ్చి ఆయన కాళ్ల మీద పడ్డారు. బావి ఒకటి, మోటరు ఒకటి, తగాదా తండ్రి పోయిన నాటిది.

"మోటరు నాదన్నా!"

"వాంది గాదన్నా, నాది! నువ్వే తీర్పు చెప్పాలె!"

"నేను డ్రిల్లు సారునయ్యా!"

"నువ్వెవ్వలైనా సరే, చెప్పన్నా!"

శంకరయ్యకు తిక్క రేగింది. "పగలు నువ్వు పెట్టుకో, రాత్రి ఆయన పెట్టుకుంటడు! జరుగున్రి, నా రైలు పోతది!"

అన్నదమ్ములు కావలించుకుని ఏడ్చారు. కోర్టులు తెంచని తగాదాను, ఏడో తరగతి చేత నోరు మూయించలేని మనిషి ఒక్క కసురుతో తెంచేశాడు.

అవతల గోడ దూకిన దామోదర్ రావు నేరుగా పోలీసు ఠాణాలో తేలాడు. రెండు వందల మంది వచ్చారనీ, బకెట్ల నిండా బాంబులున్నాయనీ చెప్పాడు. బస్సు ఆమడ దూరం పోయిందో లేదో, రోడ్డుకు అడ్డంగా రెండు జీపులు నిలిచాయి.

"చేతులు పైకెత్తున్రి!" అని ఎస్సై అరిచాడు.

నలభై జతల చేతులు ఒక్కసారే లేచాయి. అంత ఒద్దికగా అవి బడిలో ఏనాడూ లేవలేదు.

"ఎక్కడికి పోతున్రు?"

"వైజాగు సార్!"

"ఆడేం చూస్తరు?"

శంకరయ్య నెల రోజులు బట్టీ పట్టించాడు. పిల్లలు ఒకే గొంతుతో అప్పజెప్పారు. "బీచి, లైటుహౌజు, జంతుప్రదర్శనశాల, ఓడరేవు, సింహాచలం గుడి!"

ఎస్సై మొహం నల్లబడింది. "సూశిన్రా? అందరు ఒక్కతీరు చెప్తున్రంటే ఎవడో గట్టి ట్రైనింగే ఇచ్చిండు!"

"నేనే ఇచ్చిన సార్" అన్నాడు శంకరయ్య. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"అట్లనా? మరి సముద్రం ఏ రంగుల ఉంటదో చెప్పున్రి."

అది బట్టీలో లేదు. "నీలం సార్" అన్నాడొకడు. "నీ మొకం, ఆకుపచ్చ!" అన్నాడు ఇంకొకడు. "మా మామ చూసిండురా, నల్లగుంటదట!" అన్నాడు మూడోవాడు. నిమిషంలో బస్సంతా కొట్లాట. ఒకడు ఇంకొకడి చెవి కొరికాడు.

ఎస్సై తుపాకి దించి నిట్టూర్చాడు. "వీళ్లు బడి పోరలే. దళమోళ్లు గింత అన్యాయంగ కొట్లాడరు. పోన్రి. అంగీలు మాత్రం అన్ని ఇప్పి ఇయ్యిన్రి. గీ రంగు జూస్తే ముందట ఇంకో ఎస్సై నా తీరు ప్రశ్నలడుగడు, కాలుస్తడు."

పిల్లలు బనియన్ల మీద మిగిలారు. పంతులు బనియను మీద పోతే మర్యాద కాదని, ఎస్సై జీపులో పడి ఉన్న తన పాత ఖాకీ అంగీ శంకరయ్యకు ఇచ్చాడు. రైలు కదులుతుంటే ఎక్కారు.

వైజాగు బీచిలో పిల్లలు ఆ బనియన్లు కూడా విప్పి నీళ్లలో దూకారు. అక్కడ అప్పటికే సగం వైజాగు అదే వాలకంలో మునుగుతున్నది. ఎవరు తనవాళ్లో, ఎవరు ఊరివాళ్లో శంకరయ్యకు అంతు చిక్కలేదు. గాభరాగా ఈల ఊదాడు. ఖాకీ అంగీ, ఈల చూసి సముద్రంలోని జనమంతా ఒడ్డుకు వచ్చి వరుస కట్టింది. మురీమిక్చరని బొరుగులు కలిపి అమ్మే బండివాడు బండి సర్దేసుకున్నాడు. లెక్కపెడితే నలభైకి మూడింతలు తేలారు. చివరికి ఒక్కొక్కరినీ పలకరించి, "ఏంటండీ" అన్నవాణ్ని నీళ్లలోకి వదిలి, "ఏంది సార్" అన్నవాణ్ని ఒడ్డున కూచోబెట్టాడు. ఉన్న రెండు రోజులూ ఇదే పని.

తిరుగు ప్రయాణంలో ఇంజను తనకు అలవాటైన పల్లె దగ్గరే ఉడికింది. అన్నలు తిరిగే తావులో ఒంటి మీద ఖాకీతో శంకరయ్య సీటు కింద దూరాడు. గౌరవ్వ కిటికీలోంచి తొంగి చూసి కేకేసింది.

"ఓ అన్నా! ఎస్సై అంగి గుంజుకచ్చినవా!"

"గుంజుకోలేదవ్వా, ఆయనే ఇచ్చిండు!"

"ఇయ్యక ఏంజేస్తడు!" అని ఊరంతా చప్పట్లు కొట్టింది.

ఆ మాట విన్న దామోదర్ రావు చేతులు జోడించుకుని వచ్చాడు. "తప్పైంది. పోలీసులకు చెప్పింది నేనే. ఏం అడిగితే అది ఇస్త, పానం ఇడువున్రి."

కాదనీ అవుననీ చెప్పే ఓపిక శంకరయ్యకు అయిపోయింది. "నీ అంగి ఇయ్యి!" అన్నాడు.

దొర తన పట్టు లాల్చీ విప్పి ఇచ్చి, బదులుగా చేతికొచ్చిన ఖాకీ అంగీని ఏం చేయాలో తోచక మళ్లీ అదే గోడ దూకాడు.

సిరిసిల్లలో బస్సు దిగినప్పుడు హెడ్మాస్టరు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. నలభై మందీ ఉన్నారు. మోకాళ్ల దాకా లాల్చీతో దిగిన శంకరయ్యకు లక్ష్మీరాజం ఎదురొచ్చాడు.

"సార్, సముద్రం ఎట్లుంది?"

"నా ఈపు దిక్కుండె. చప్పుడైతే మంచిగనే అచ్చింది."

"అవునా! ఇంక గా బట్ట నాలుగు తాన్లు మిగిలింది సార్, అచ్చే ఏటికి..."

శంకరయ్య ఆయన దిక్కు ఎట్లా చూశాడంటే, లక్ష్మీరాజం రెండడుగులు వెనక్కి వేశాడు.

మరుసటి ఏడు విహారయాత్ర పక్కనే ఉన్న వేములవాడ గుడికి పోయింది. ఎవరింటి అంగీ వాళ్లే తొడుక్కున్నారు.