గ్రాముగారి కెటిల్‌బెల్

ఆరింటికి లేవాలి, ఆరుంపావుకి కెటిల్‌బెల్ పట్టాలి, ఏడింటికల్లా ముగించి ఆఫీసుకు తయారవ్వాలి. గ్రాముగారి పథకం ఇంతే. ఏ పథకమైనా మొదట్లో ఇంతే ఉంటుంది.

గ్రాముగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఇరవై ఆరేళ్లుగా దుకాణాల్లో కాటాలు తనిఖీ చేస్తున్నారు. పది గ్రాముల తేడా వచ్చినా వదలరని ఊరు పెట్టిన పేరది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. మనిషికి ఒక్కచోట కుదురు లేదు. భోజనం సగం నిలబడే చేస్తారు, ఫోనులో మాట్లాడుతూ హాలుకీ వరండాకీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతారు. సెలవు రోజున ఆయన్ని ఇంట్లో భరించడం కన్నా రెండు పూటలా ఇల్లు కడుక్కోవడం సులువని ఆయన భార్య అంటుంది.

అలాంటి మనిషిని కుర్చీలో కూలేస్తామంటే ఎలా ఉంటుంది? కొత్తగా వచ్చిన పై అధికారిణి సరిగ్గా ఆ మాటే అంది. పోయిన వారం ఒక ఇనుప సామాన్ల దుకాణంలో ఇరవై కిలోల తనిఖీ రాయిని కాటా మీదికి ఎత్తబోయి, గ్రాముగారు సగంలోనే నడుం పట్టుకున్నారు. దుకాణదారు జాలిపడి తానే ఎత్తి పెట్టాడు. దొంగ చేత బేడీలు మోయించినట్టున్న ఆ దృశ్యం జీపులో కూర్చున్న మేడమ్ కళ్లబడింది.

"పది రోజులు టైమిస్తున్నా. ఆ రాయి నేల మీంచి బల్ల మీదికి పదిసార్లు ఎత్తి చూపించండి. లేదంటే రికార్డు గదిలో సీటు ఖాళీగా ఉంది" అందావిడ.

రికార్డు గదికి కిటికీ లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, కప్పు దాకా పాత ఫైళ్లు. అక్కడ కూర్చుంటే ఆరు నెలలకు తన మీద కూడా ఓ నంబరు వేసి అరలో పెట్టేస్తారని గ్రాముగారి భయం. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆయనకు ముద్ద దిగలేదు.

అందుకే ఈ కెటిల్‌బెల్. ఇనుప గుండుకి పిడి అతికించినట్టుంటుంది. దాని మీద వీడియోలు చూడటంలో నాలుగు రోజులు, అది పార్సిల్లో రావడంలో రెండు రోజులు పోయి, చేతిలో నాలుగు రోజులు మిగిలాయి. వీడియోలో కండల శిక్షకుడు చెప్పినవన్నీ ఆయనకు కంఠతా వచ్చేశాయి. కాళ్లు భుజాలంత ఎడంగా ఉండాలి. వీపు నిటారుగా ఉండాలి. వంగాల్సింది నడుం కాదు, తుంటి. ఊపు రావాల్సింది చేతుల్లోంచి కాదు, అదీ తుంట్లోంచే. కొత్తవాళ్లు ఎనిమిది కిలోలతో మొదలుపెట్టాలని కూడా చెప్పాడు గానీ, ఆ ఒక్కటీ గ్రాముగారి చెవికెక్కలేదు. పదహారు కిలోలది తెప్పించారు.

ఆరుంపావుకి హాలు మధ్యలో నిలబడి, తుంటి వంచి, పిడి రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగించి, అక్కడే ఆగిపోయారు.

"పట్టేసిందా?" అంది భార్య వంటింట్లోంచి పరుగున వచ్చి.

"లేదు. దీని మీద పదహారు అని పోతపోసి ఉంది."

"అయితే?"

"ముద్ర లేదు. ఎవడు తూచాడో ఏమో. ఇది పదహారో కాదో తెలియకుండా ఎత్తితే, నేను ఎంత ఎత్తినట్టు?"

"ముందు ఎత్తండి. లెక్క తర్వాత చూసుకోవచ్చు."

"లెక్క తర్వాత చూసుకుందామనేవాళ్ల మీదేగా నేను ఇన్నేళ్లుగా కేసులు రాస్తోంది!"

భార్య స్నానాలగదిలోంచి బరువు చూసుకునే మిషను తెచ్చి ముందు పెట్టింది. గ్రాముగారు దాన్ని పక్కకు జరిపారు. "ఇది నన్నే పూటకో రకంగా తూస్తుంది. ఆఫీసు కాటా మీద పెట్టి అరగంటలో వచ్చేస్తా. వచ్చాక మొదలుపెడతా" అని కెటిల్‌బెల్‌ని సంచిలో వేసుకుని స్కూటరెక్కారు.

ఆఫీసులో ఇంకా ఎవరూ లేరు. కాపలావాడు తలుపు తీసి బయట కూర్చున్నాడు. గ్రాముగారు సంచి విప్పి, గుండుని పెద్ద కాటా మీద పెట్టి, ముల్లు కుదురుకునేదాకా ఊపిరి ఆపారు. ముల్లు పదిహేను కిలోల నాలుగు వందల గ్రాముల దగ్గర ఆగింది.

"ఆరు వందలు తక్కువ!" అని ఆయన గట్టిగా అరిచారు. కోపం వచ్చిన మాట నిజమే గానీ, అందులో సగం సంతోషం. అనుమానం నిజమైతే ఇన్‌స్పెక్టరుకి అంతకన్నా ఏం కావాలి?

ఆ అరుపుకి గుమాస్తా లోపలికి పరిగెత్తుకొచ్చాడు. నెలాఖరు నివేదిక రాయాలని అతను ఆ రోజు పెందలాడే వచ్చాడు. ముల్లునీ గుండునీ మార్చి మార్చి చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"అమ్మో, ఇంత మోసమా! ఎక్కడ పట్టారు సార్?"

గ్రాముగారి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఆయన అబద్ధమాడరు. అలాగని వ్యాయామం సంగతి చెప్తే, నడుంలో సత్తువ లేక గుండు కొనుక్కున్నారన్న మాట గంటలో మేడమ్ దాకా పోతుంది. నిజాన్నే కాస్త పొదుపుగా వాడదామనుకున్నారు.

"ఒక ఇంట్లో" అన్నారు.

"దుకాణం కూడా కాదా! ఎవరిల్లు సార్?"

"ఒక ప్రభుత్వోద్యోగిది."

"హవ్వ! ఎదురు తిరిగాడా?"

"అతను తిరగలేదు. భార్య కాస్త తిరిగింది."

ఆ నెల నివేదికలో కేసుల గడి ఖాళీగా ఉంది. దాన్ని ఎలా నింపాలా అని గుమాస్తా మూడు రోజులుగా మథనపడుతున్నాడు. గ్రాముగారు ఇంకో మాట అనేలోపు అతను పిడికి పురికొసతో చీటీ కట్టి, లక్క కరిగించి, ముద్ర కొట్టేశాడు. లక్క పడ్డాక వస్తువు ఎవరిదైనా సర్కారుదే. ఆ నిబంధన కొత్తవాళ్లకు నేర్పింది గ్రాముగారే.

పదింటికి మేడమ్ వచ్చి చీటీ చదివి, మొదటిసారి ఆయన వైపు చూసి నవ్వింది.

"అనుభవం అంటే ఇదీ! ఆ మనిషి ఏమంటాడు?"

"తప్పు తనది కాదంటాడు మేడమ్."

"అందరూ అదే అంటారు. దీంతో ఎన్నాళ్లుగా నడిపిస్తున్నాడు?"

"ఇంకా మొదలే పెట్టలేదు మేడమ్. ఇవాళ పొద్దున్నే మొదలుపెడదామనుకున్నాడు."

"సరిగ్గా టైముకి పట్టారన్నమాట! ఇంకెన్ని ఉన్నాయి ఇలాంటివి?"

"ఒక్కటేనండి."

"ఒక్క రాయితో ఎవడు బతుకుతాడండీ? వెనక పెద్ద ముఠా ఉంటుంది" అని ఆవిడ లేచి నిలబడింది. "దీన్ని ఇప్పుడే పెద్దాఫీసు ప్రయోగశాలకి పార్సిల్ చేద్దాం. వాళ్ల నివేదిక రాగానే ఆ ఇంటి మీద దాడి. అందరం వెళ్దాం."

తన ఇంటి మీద తాను దాడికి వెళ్లడం గ్రాముగారు ఊహించుకోబోయారు. తలుపు తీసే భార్య ముఖం దగ్గర ఊహ ఆగిపోయింది.

పట్టుకున్న వస్తువు పట్టుకున్న అధికారి చేతిలోనే ఉండాలన్నది ఇంకో నిబంధన. గ్రాముగారు గుండు మోసుకుంటూ జీపెక్కారు. డ్రైవరు సెలవులో ఉండటంతో గుమాస్తాయే బండి నడిపాడు. దారిలో సాక్ష్యం బలంగా ఉండాలని మేడమ్ ఓ కిరాణా దుకాణం ముందు బండి ఆపించి, అక్కడి కాటా మీద కూడా తూయించింది. అక్కడా పదిహేను కిలోల నాలుగు వందలే. ఆ కాటాకి ముద్ర వేసింది గ్రాముగారే కాబట్టి అది తప్పు చెప్పే ప్రసక్తే లేదు.

మళ్లీ బండెక్కగానే ఆయన ఫోను మోగింది.

"అరగంటన్నారు, పదకొండైంది. మొదలుపెట్టారా లేదా? ఆ గుండేదీ?" అంది భార్య. ఆవిడ గొంతుకి ఫోను అక్కర్లేదు.

"ఇప్పుడు మాట్లాడ్డానికి వీల్లేదు" అని గ్రాముగారు పెట్టేశారు.

"ఎవరూ?" అంది మేడమ్.

"ఆ ఇంటావిడ మేడమ్."

"నిందితుడి పెళ్లాం మీకు ఫోన్ చేస్తోందా? మీ నంబరు ఆమెకెలా తెలుసు?"

"చాలా ఏళ్లుగా తెలుసు మేడమ్."

"చేస్తూంటుందా?"

"రోజూ చేస్తుంది."

మేడమ్ కాస్త జరిగి కిటికీ పక్కన కూర్చుంది. ముందు సీట్లో గుమాస్తాకి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. గ్రాముగారి చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై ఆరేళ్లలో ఒక్కరి చేత మాట పడని మనిషి, సొంత భార్య వల్ల చెడ్డపేరు తెచ్చుకుంటున్నాడు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది. బండి ఆగితే దిగి ఎటైనా నడిచిపోవాలనిపించింది, కానీ చేతిలో గుండు ఉంది.

తపాలా కార్యాలయంలో పార్సిల్ కౌంటర్ ఆయన కళ్లజోడు సర్దుకుని గుండుని మిషను మీద పెట్టాడు. అంకెలు వెలిగాయి.

"పదహారు. సరిగ్గా పదహారు" అన్నాడాయన. "చీటీ మీద పదిహేను నాలుగు వందలని రాశారేం?"

"మీ మిషను తప్పు" అన్నారు గ్రాముగారు.

"మా మిషనా?"

"మీదే. ఆరు వందలు ఎక్కువ చూపిస్తోంది. ఇప్పుడే సీజు చేస్తాను."

"మేం మీ కిందికి రామండీ. దీన్ని సరిచూడ్డానికి రాజధాని నుంచి మా మనిషే వస్తాడు. ఊరు మొత్తమ్మీద మీ చెయ్యి పడని మిషను ఇదొక్కటే" అని ఆయన బల్ల కిందినుంచి రాజధాని ముద్ర ఉన్న ఇరవై కిలోల రాయి తీసి పెట్టాడు. అంకెలు సరిగ్గా ఇరవై దగ్గర నిలిచాయి.

"మీ రాయి మీ మిషనుకి వంత పాడుతుంది. మా రాయి తెస్తా ఉండండి!" అని గ్రాముగారు బయటికి దూసుకుపోయారు. జీపు వెనక పడి ఉండే తనిఖీ రాయిని రెండు చేతులా లాగి, పద్నాలుగు మెట్లు ఎక్కి, తీసుకొచ్చి మిషను మీద దభీమని పెట్టారు. ఆ కోపంలో ఆయనకు తుంటీ గుర్తులేదు, నడుమూ గుర్తులేదు.

అంకెలు ఇరవై కిలోల ఏడు వందల ఎనభై దగ్గర ఆగాయి. అందరికన్నా ముందు విషయం అర్థమైంది గ్రాముగారికే, అది ఆయన ముఖంలో తెలిసిపోయింది. గుండు సరైనదే. ఆఫీసు కాటాయే తప్పు. ఆ తప్పు కాటాతో సరిచూసిన తనిఖీ రాళ్లు తప్పు, ఆ రాళ్లతో ముద్ర పడ్డ ఊళ్లోని కాటాలన్నీ తప్పు.

"అంటే దుకాణాలవాళ్లు కిలోకి నలభై గ్రాములు ఎక్కువ తూస్తున్నారన్నమాట" అన్నాడు కౌంటర్ ఆయన నెమ్మదిగా. "ఈ ఏడాది మా ఇంటిల్లిపాదీ ఎందుకు ఒళ్లు చేశామా అనుకుంటున్నా."

"సరైన కాటా పెట్టుకున్న వాళ్ల మీదేమో మనం కేసులు రాశాం" అంది మేడమ్. "కంచే చేను మేసింది. ముందు ఆ ఇంటాయన దగ్గరికి పదండి, క్షమాపణ చెప్పాలి. ఎక్కడుంటాడు?"

"అంత దూరం వెళ్లక్కర్లేదు మేడమ్. ఇక్కడే ఉన్నాడు."

మేడమ్ కౌంటర్ ఆయన వైపు చూసింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి, "నాకేం తెలీదు తల్లీ" అన్నాడు.

"నేనే మేడమ్" అన్నారు గ్రాముగారు. "ఆ గుండు నాది. మీరు పెట్టిన పరీక్ష కోసం ఇంట్లో వ్యాయామం చేద్దామని కొనుక్కున్నాను."

"మరి రోజూ ఫోన్ చేసే ఆవిడ?"

"మా ఆవిడ."

గుమాస్తా ఇక దగ్గుతో కప్పిపుచ్చలేక గోడ వైపు తిరిగి నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. "మన కాటాని కిందటిసారి సరిచేసి ముద్ర వేసిందెవరు?" అనడిగింది. గుమాస్తా నవ్వు ఆగిపోయింది.

"నేనే మేడమ్" అన్నారు గ్రాముగారు ఇంకోసారి. పోయిన ఏడాది ఆఫీసు గది మారినప్పుడు, కాటా సామాను బండి దిగీ దిగకముందే నిలబడి ఉన్నపళాన సరిచేసింది ఆయనే. ఆ తర్వాత రాళ్లన్నీ తక్కువ తూగుతున్నాయని వాటి అడుగు చిల్లుల్లో సీసం పోయించిందీ ఆయనే. ఒక్క నిమిషం కూర్చుని చూసి ఉంటే తెలిసిపోయేది.

రికార్డు గది, ఆ కుర్చీ, నంబర్లు వేసిన అరలు ఆయన కళ్ల ముందు తిరిగాయి. "నాలుగు రోజుల దాకా ఎందుకు మేడమ్, ఆ సీట్లో ఇవాళే కూర్చుంటాను" అన్నారు. ఆ మాట అనడానికి ఆయన పడ్డ కష్టం రాయి మోయడం కన్నా ఎక్కువ.

"పొద్దుటిదాకా మీకు అదే పెద్ద శిక్ష అనుకున్నా" అంది మేడమ్. "మీరు ముద్ర వేసిన కాటాలు ఎన్ని?"

"పదకొండు వందల నలభై" అన్నాడు గుమాస్తా, అడక్కుండానే.

"అన్నిటినీ మీరే మళ్లీ సరిచూడాలి. కొత్త రాయి ఇప్పిస్తా. దుకాణదారు దాన్ని వేలితో కూడా ముట్టుకోకూడదు. జీపు ఇవ్వను. ఇందాక మెట్లెక్కి తీసుకురావడం చూశాను కాబట్టి ఇక పరీక్ష అక్కర్లేదు."

శిక్ష వేశారో వరమిచ్చారో తేల్చుకోలేక, గ్రాముగారు చివరికి వరమే అనుకున్నారు. కుర్చీ తప్పింది. ఊరంతా తనదే, పదకొండు వందల నలభై గుమ్మాలు తనవే. కళ్లలో నీళ్లు తిరిగి, వాటిని తుడుచుకునేదాకా కూడా ఆగలేక, అప్పుడే మొదలుపెడతానని జాబితా కోసం చెయ్యి చాపారు.

జాబితాలో మొదటి దుకాణం నాలుగో అంతస్తులో ఉంది, ఆ భవనానికి లిఫ్టు పెట్టే ఆలోచన ఇంకా ఎవరికీ రాలేదు.