మంత్రిగారి మూడో వాక్యం

తమ శాఖలో ఇకమీదట వీడ్కోలు ఉపన్యాసం లేకుండా ఏ ఉద్యోగీ బదిలీ కాకూడదని తూనికలు, కొలతల శాఖ మంత్రిగారు విలేకరులను పిలిచి ప్రకటించారు.

"బదిలీ అంటే కాగితం కాదు. బదిలీ అంటే రైలు కాదు. బదిలీ అంటే కన్నీరు!" అన్నారు.

విలేకరులు కన్నీరు కింద గీత గీసుకున్నారు. ఇంత మనసున్న మంత్రి ఆ శాఖకి అంతకుముందు రాలేదు. వచ్చినవాళ్లంతా ఉత్తి బదిలీలు చేసి ఊరుకున్నారు.

మొదటి వీడ్కోలు హెడ్ అకౌంటెంటుకి జరిగింది. "ఈయన లెక్క తప్పలేదు, మాట తప్పలేదు, మన మనసుల్లోంచి మాత్రం తప్పుకోలేరు" అని మంత్రిగారు అనగానే హాలు దద్దరిల్లింది. బదిలీ వద్దని పై అధికారుల కాళ్లావేళ్లా పడ్డ హెడ్ అకౌంటెంటు కూడా ఆ ఊపులో తనకు తానే చప్పట్లు కొట్టుకున్నాడు.

ఆ రోజే మంత్రిగారు ఒక సత్యం కనిపెట్టారు. మొదటి వాక్యాన్ని జనం వింటారు, రెండోదానికి సర్దుకుని కూర్చుంటారు, మూడోదానికి వాళ్ల చేతులు వాటంతటవే లేస్తాయి. అది ఎంత గట్టిగా నిలబడిందంటే, ఒక సమీక్షా సమావేశంలో ఆయన ఉక్కపోత భరించలేక "కిటికీ తియ్యండి, ఫ్యాన్ వెయ్యండి, మంచినీళ్లు ఇవ్వండి" అంటే అధికారులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మంచినీళ్లు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఈ ఉపన్యాసాలన్నీ టైపు చేసేది ఆఫీసంతా టైపక్కయ్య అని పిలిచే మనిషి. ఆవిడకి ఉన్నది ఒక్కతే చెల్లెలు. అదే ఆఫీసులో ఫైళ్లు పట్టుకుని అంతస్తుల మధ్య తిరిగే ఉద్యోగం. లిఫ్టు కోసం ఆగదు, మెట్ల మీద నడవదు, పరిగెడుతుంది. అందుకని అందరూ దాన్ని సుడిగాలి అంటారు. అమ్మ పోయిన ఏడు ఈ ఇద్దర్నీ ఇద్దరు మేనమామలు చెరో ఊరికి తీసుకుపోయారు. ప్లాట్‌ఫారం మీద చిన్నది అక్క జడ పట్టుకుని వదల్లేదు. జడకి కట్టిన రిబ్బను దాని చేతిలో ఉండిపోయింది, రైలు కదిలిపోయింది. మళ్లీ ఒక గూటికి చేరేసరికి ఇద్దరికీ తల నెరవడం మొదలైంది. ఇప్పటికీ సుడిగాలి కూరగాయలకి వెళ్లి కాస్త ఆలస్యమైతే అక్కయ్య వీధి చివరిదాకా వెళ్లి నిలబడుతుంది.

ఒక ఉదయం మంత్రిగారు కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టారు.

"రాయమ్మా. ఒకరు గోడలాంటి మనిషి, ఎంత ఒత్తిడొచ్చినా కదల్లేదు. ఒకరు దీపంలాంటి మనిషి, ఎంత చీకటొచ్చినా ఆరలేదు. ఒకరు గాలిలాంటి మనిషి, ఎంత పనొచ్చినా ఆగలేదు."

"అద్భుతం సార్! ఎవరు సార్ వీళ్లు?" అన్నాడు పీఏ.

"అది నన్నడుగుతావేంటయ్యా? నువ్వు చూసుకో."

వేరే శాఖల్లో ముందు బదిలీ అవుతుంది, తర్వాత ఎవరో నాలుగు మాటలు చెబుతారు. ఈ శాఖలో ముందు ఉపన్యాసం పుడుతుంది. దానికి సరిపోయే మనుషుల్ని తర్వాత వెతుకుతారు.

పీఏ వేళ్లు మడిచాడు. "గోడకి మన స్టోర్‌కీపర్ ఉన్నాడు సార్. దీపానికి ఎలక్ట్రీషియన్ని వేద్దాం. ఇక గాలికి... గాలికి సుడిగాలి ఉందిగా!"

టైపక్కయ్య వేళ్లు ఆగిపోయాయి.

"ఎక్కడికేద్దాం సార్?"

"గాలి కదయ్యా, దూరంగా వెయ్యి. సరిహద్దు తనిఖీ కేంద్రానికి."

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి విని సుడిగాలి పకపకా నవ్వింది. "మూడో వాక్యం నాదా? అయితే చప్పట్లన్నీ నాకేనన్నమాట!"

"నోర్ముయ్యి. రెండు రైళ్లు మారాలటే అక్కడికి."

"మరి నువ్వు కూడా ఏదో ఒకటిలాంటి మనిషివి అయిపోకూడదూ? ఇద్దరం కలిసి పోదాం" అంది. అని, అక్క మొహం చూసి, గిన్నెలు కడిగే వంకతో లోపలికి వెళ్లిపోయింది. చాలాసేపు నీళ్ల చప్పుడే వినిపించింది.

మర్నాడు టైపక్కయ్య మంత్రిగారి బల్ల ముందు నిలబడింది.

"సార్, గాలికి బదులు నీళ్లు అంటే బాగుంటుందేమో."

"గోడ పక్కన నీళ్లేంటమ్మా? చెమ్మ పట్టదూ?"

"పోనీ పాత లిఫ్టుని సాగనంపుదాం సార్. ఎలాగూ పనిచెయ్యట్లేదు."

"లిఫ్టు ఏడవదమ్మా."

అక్కయ్యకి ఇక దారి కనపడలేదు. భయంలోంచే ఒక మాట బయటికొచ్చింది. "అందరూ పంపేవాళ్లే సార్. ఆపిన మంత్రి ఇంతవరకూ లేడు. మొదటి రెండు వాక్యాల్లో పంపేసి, మూడోదాంట్లో ఆపేస్తే..."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. కిటికీ దాకా వెళ్లారు. వెనక్కి వచ్చారు. "రాయమ్మా! మెట్లు అడుగుతున్నాయి, ఆ పరుగేదని. తలుపులు అడుగుతున్నాయి, ఆ చెయ్యేదని. మేం అడుగుతున్నాం, నువ్వెలా వెళ్తావని!"

పీఏ కళ్లు తుడుచుకున్నాడు. గోడనీ దీపాన్నీ వచ్చే నెలకి వాయిదా వేశారు.

"అయితే ఒకటి," అన్నారు మంత్రిగారు. "ఆపితే నిజంగా ఆపినట్టుండాలి. నాటకమాడితే నాకు గిట్టదు. నిజం ఉత్తర్వు ఇవ్వండి, నిజం టికెట్ తియ్యండి. మూడో వాక్యానికి చప్పట్లు మోగగానే వేదిక మీదే ఉత్తర్వు చింపేద్దాం."

సభ రోజున సుడిగాలి పెట్టె సర్దుకుని వేదిక మీద నిలబడింది. పక్కన సిబ్బంది అధికారి ఉత్తర్వుని రెండు చేతులా పట్టుకుని, చింపడానికి సిద్ధంగా ఉన్నాడు. టైపక్కయ్య చిట్టచివరి వరసలో, కుర్చీ అంచున కూర్చుంది.

"మెట్లు అడుగుతున్నాయి, ఆ పరుగేదని!" హాలు విన్నది.

"తలుపులు అడుగుతున్నాయి, ఆ చెయ్యేదని!" హాలు సర్దుకుని కూర్చుంది. చేతులు ఒళ్లోంచి కొంచెం లేచాయి.

అప్పుడే పీఏ పరిగెత్తుకొచ్చి మంత్రిగారి చెవి దగ్గర ఫోను పెట్టాడు. మంత్రిగారు "చిత్తం" అన్నారు. మళ్లీ "చిత్తం" అన్నారు. వేదిక దిగి, పక్క తలుపులోంచి వెళ్లి కారెక్కారు.

చేతులు గాల్లోనే ఉన్నాయి. ఎవరూ దించలేదు. సిబ్బంది అధికారి గడియారం చూసుకుని, ఉత్తర్వుని జాగ్రత్తగా మడిచి, సుడిగాలి వైపు చాపాడు. "రైలుకి టైమవుతోందమ్మా."

"వాక్యం పూర్తవలేదుగా సార్!" అంది సుడిగాలి.

"వాక్యం నా పరిధిలోది కాదమ్మా. ఉత్తర్వు నా పరిధిలోది."

సుడిగాలి పెట్టె చేత పట్టుకుంది. ఎన్నడూ లేనిది, నెమ్మదిగా అడుగు వేసింది.

చివరి వరసలో కుర్చీ కిర్రుమంది.

"నేనడుగుతున్నానే," అంది టైపక్కయ్య. గొంతు వణికింది, సగంలో సన్నబడిపోయింది. "నువ్వెలా వెళ్తావే?"

హాలు దద్దరిల్లింది. కళ్లు మూసుకున్నవాళ్లు కళ్లు మూసుకునే కొట్టారు, నిద్రపోయినవాళ్లు నిద్రలోనే కొట్టారు. చప్పట్లు వినగానే సిబ్బంది అధికారి అలవాటు ప్రకారం నిటారుగా నిలబడి, ఆదేశం ప్రకారం ఇంకా తన చేతిలోనే ఉన్న ఉత్తర్వుని నాలుగు ముక్కలు చేశాడు.

మర్నాడు పొద్దున్నే సుడిగాలి పేపరు గట్టిగా చదివింది. "'మూడో వాక్యంలో మంత్రిగారి గొంతు వణికింది. ముందే పంచిన ప్రతిలో మేం అని ఉన్నచోట నేను అన్నారు. ఆయన ఇంతవరకూ చేసిన ఉపన్యాసాల్లో ఇదే శిఖరమని పరిశీలకులు భావిస్తున్నారు.'"

"ఇంకేం రాశాడు?"

"కింద చిన్న ముక్కుంది. 'తూనికలు, కొలతల శాఖ మంత్రిని నిన్న సాయంత్రం నుంచి పశుగ్రాస శాఖకు మార్చారు. మాట్లాడేవారు దొరకనందున వీడ్కోలు సభ జరగలేదు.'" సుడిగాలి పేపరు దించింది. "పాపం కదక్కా!"

"పాపమే," అంది అక్కయ్య. గుమ్మం పక్కన పెట్టె ఇంకా తాళం వేసే ఉంది. "ముందు ఆ పెట్టె విప్పవే."