ఢిల్లీబాబు సగం ఊపిరి

ఆ రోజు ఢిల్లీబాబు పెట్టుకున్న పని చాలా చిన్నది. పుత్తూరులో ఏడింటి బస్సెక్కి తిరుపతిలో దిగడం, ఆసుపత్రిలో ఒక మిషన్లో ఊదడం, కాగితం తీసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడం. సాయంత్రం ఆరింటికి ఊరి గుళ్ళో గరుడసేవ. అక్కడ స్వామి ముందు నాదస్వరం ఊదేది ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయనే, అంతకు ముందు వాళ్ళ నాయన. అయినా గుడి ట్రస్టు కొత్త నిబంధన పెట్టింది. యాభై ఐదు దాటిన నాదస్వర వాద్యకారులు ఊపిరితిత్తులు బాగున్నాయని సర్టిఫికెట్ తేవాలి, లేకపోతే మేళం బదులు స్పీకర్లో రికార్డు వేస్తారు. గడువు ఆ సాయంత్రమే. స్పీకరు పెట్టె కొత్తల్లుడిలా వచ్చి అప్పటికే ఆఫీసులో కూర్చుని ఉంది.

"ఊదేదానికే కదా పొయ్యేది, దానికి మొగం అట్ల పెట్టినావేంది?" అంది భార్య దేవకమ్మ, పొంగలి వడ్డిస్తూ.

ఢిల్లీబాబు పొంగలి కెలుకుతూ కూర్చున్నాడు. ఆయనకు నిజంగానే భయంగా ఉంది. పెట్టెలోంచి వచ్చే పాటకు స్వామి బయలుదేరే రోజు తన కళ్ళతో చూడాల్సి వస్తుందేమోనని రెండు రాత్రులుగా నిద్ర లేదు.

తోడుగా బావమరిది జయరావు వచ్చాడు. ఆయన డోలు వాయిస్తాడు, ఆయనకూ యాభై ఐదు దాటాయి. ఆసుపత్రిలో లిఫ్టు పనిచేయడం లేదు. మూడో అంతస్తుకు ఢిల్లీబాబు మామూలుగా ఎక్కేశాడు. జయరావు రెండుచోట్ల నిలబడి ఆయాసం తీర్చుకుని వచ్చాడు.

పరీక్ష చేసే టెక్నీషియన్ గుణశేఖర్ కుర్చీ చూపించి ఢిల్లీబాబు ముక్కుకు క్లిప్పు పెట్టాడు, నోటికి అట్ట గొట్టం అందించాడు. "గాలి నిండా పీల్చుకోండి. ఒక్క దెబ్బన బలంగా వదలండి. ఆరు సెకన్లు ఆపొద్దు."

చెప్పినంత సులువైతే ఇంకేం? నలభై ఐదేళ్ళుగా ఢిల్లీబాబు నేర్చుకున్నదంతా గాలిని ఒక్క దెబ్బన వదలకపోవడమే. చిన్నప్పుడు అలా వదిలితే నాయన చేతి కర్ర తన వీపు మీద విరిగేది. గాలిని బుగ్గల్లో నిలిపి, పొదుపుగా నాదస్వరానికి అందిస్తూ, ఈలోపు ముక్కుతో దొంగతనంగా ఇంకాస్త పీల్చుకోవడం ఆయన విద్య. ఇప్పుడు ముక్కు మూసేశారు. బుగ్గలు బూరెల్లా పొంగాయి, గాలి మాత్రం సన్నగా, పద్ధతిగా బయటికి వచ్చింది. మిషను ఒప్పుకోలేదు. మూడుసార్లు ఊదినా అదే వరస.

గుణశేఖర్‌కు విసుగొచ్చింది. "ఇట్ల సూడండి" అని కొత్త గొట్టం తగిలించి, తన ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, తానే ఒక్కసారి ఊది చూపించాడు. మిషను సంతోషంగా కూసింది. ఆ తర్వాత ఢిల్లీబాబు నాలుగోసారి ఊదాడు. అదీ కుదరలేదు. వెనక పదిమంది కాచుకుని ఉన్నారు. వచ్చిందేదో వచ్చిందని గుణశేఖర్ ప్రింటు మీట నొక్కాడు. మిషను తనకు నచ్చిన ఆ ఒక్క ఊదుడునే ఢిల్లీబాబు పేరు మీద అచ్చేసి ఇచ్చింది.

కాగితం చూసి గుణశేఖర్ గొంతు తగ్గించాడు. "పెద్దాయనా, బీడీలు తాగుతారా?"

"ఎప్పుడూ లేదప్పా."

"మొదటి సెకన్లో రావాల్సిన గాలిలో సగమే వస్తా ఉండాది. ఊపిరి గొట్టాలు మూసుకుపోయినట్టుండాయి. లోహిత డాక్టరమ్మ వార్డులో ఉండారు. ఆమె వచ్చేవరకు ఈడనే పండుకోండి."

ఢిల్లీబాబు మంచం మీద పడుకున్నాడు. పడుకున్నాక నిజంగానే ఆయాసంగా అనిపించింది. నర్సు వచ్చి ఎక్స్‌రే అంది, ఇంకో నర్సు వచ్చి రక్తం తీసింది.

జయరావు బయటికి వెళ్ళి అక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, కంగారుపడొద్దు. బావకి సగం ఊపిరే ఉండాదంట." కంగారుపడొద్దన్నాక కంగారుపడకుండా ఉండే మనిషి ఎక్కడుంటుంది? దేవకమ్మ ఏడుస్తూ వీధిలోకి వచ్చేసరికి సగం ఊపిరి కాస్తా ఒక ఊపిరితిత్తి పోవడమైంది. ఆ వార్త చిలవలు పలవలు వేసి గుడికి చేరేసరికి ఢిల్లీబాబు ఆక్సిజన్ మీద ఉన్నాడు. మధ్యాహ్నం రెండింటికి చుట్టాలంతా వ్యానులో దిగారు. వెల్డింగ్ షాపు నుంచి సిలిండరు కూడా తెచ్చారు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "అమ్మా, ఇది ఇనుము కోసేదానికి."

"గాలి గాలే కదప్పా" అంది దేవకమ్మ.

ఈలోపు ట్రస్టు మేనేజరు వాసుదేవ్ ఫోన్ చేశాడు. ఆయన మర్యాదస్తుడు, గొంతులో నిజమైన దిగులే ఉంది. "మీరేం ఆలోచించకండి. ఆరోగ్యం ముఖ్యం. సాయంత్రానికి రికార్డు పెట్టేస్తున్నాం."

ఢిల్లీబాబు ఫోన్ గుండెల మీద పెట్టుకుని గోడవైపు తిరిగాడు. ప్రాణం పోతుందని చెప్పినా ఆయన అంత బాధపడేవాడు కాదు.

డాక్టర్ లోహిత మూడున్నరకు వచ్చింది. కాగితం చూసింది, వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది, మళ్ళీ కాగితం చూసింది. "లోపల శుభ్రంగా ఉంది. ఎక్స్‌రే బాగుంది. మీరేం పని చేస్తారు?"

"నాదస్వరం ఊదుతానమ్మా."

ఆమె మిషను దగ్గరికి జరిపి కొత్త గొట్టం తగిలించింది. "ఊదేటప్పుడు నాదస్వరం పీకలో ఎంగిలి చేరితే ఏం చేస్తారు?"

"స్వరం ఆపి, ఒక్క ఊపు ఊది ఎగరగొడతాం."

"ఇందులో ఎంగిలి చేరిందనుకోండి."

ఢిల్లీబాబు లేచి కూర్చుని గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. ఎంగిలి ఎగరగొట్టడం ఆయనకు బాగా తెలిసిన పని. నలభై ఐదేళ్ళుగా దాచుకున్న గాలంతా ఒక్కపెట్టున వదిలాడు. మిషను కూసింది. ఆయన వయసుకు ఉండాల్సినదాని కంటే ఎక్కువే చూపించింది. ఇంకో రెండుసార్లు ఊదించినా అంతే.

"మరి పొద్దున వచ్చిన ఈ సగం ఊపిరి ఎవరిది?" అంది డాక్టరు.

గుణశేఖర్ మెల్లగా కుర్చీలో కూర్చుని, తన జేబులోని సిగరెట్ పెట్టెను చేత్తో కప్పుకున్నాడు. ఆమె గొట్టం మార్చి అతని ముందు పెట్టింది. అతను ఊదాడు. మళ్ళీ సగమే వచ్చింది. పదకొండేళ్ళుగా ఊరందరి ఊపిరీ కొలిచిన మనిషి తన ఊపిరి ఎంతో చూసుకోవడం అదే మొదటిసారి.

ఢిల్లీబాబుకు సంతోషం రాలేదు. అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ సిగరెట్ పెట్టె ఈడనే పారేయి నాయనా. పుత్తూరుకు రా. గాలి ఎట్ల దాచుకోవాల్నో మా నాయన నాకు నేర్పినాడు, నేను నీకు నేర్పుతా." గుణశేఖర్ తల ఊపాడు. అతని కళ్ళు తడిసాయి.

డాక్టరు సంతకం చేసిన కొత్త కాగితం పట్టుకుని, సిలిండరుతో సహా అందరూ వ్యానెక్కారు. దారిలో ఒకచోట రోడ్డు తవ్వి ఉంది. ఇంటికి పోయి వాద్యాలు తీసుకుని గుడి చేరేసరికి ఆరూ పది దాటింది. స్పీకర్లో, స్వామి బయలుదేరేటప్పుడు ఊదే మల్లారి మోగుతోంది. ఎంత బాగా ఊదారో, ఒక్క తప్పు లేదు. ఢిల్లీబాబు కాళ్ళు గడపలోనే ఆగిపోయాయి.

అయితే రికార్డు ఎవరి కోసమూ ఆగదు. గరుడవాహనం మోసేవాళ్ళు పదహారు మంది. మండపం మెట్లు దిగేటప్పుడు ఆగాలి, భుజం మార్చుకునేటప్పుడు ఆగాలి. మేళమైతే వాళ్ళ కాళ్ళు చూసి స్వరం పట్టుకుని నిలబడుతుంది. పెట్టె తన దారిన తాను పోయింది. స్వామి రెండో మెట్టు మీద ఉండగానే మంగళం పాడేసి ఊరుకుంది. మంగళం అయిపోయాక అడుగు వెయ్యొచ్చో లేదో మోసేవాళ్ళకు తెలియలేదు. స్వామిని భుజాల మీద పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. వందలమంది జనం, చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

వాసుదేవ్ చెమటలు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. నాదస్వరంతో ఢిల్లీబాబు కనబడ్డాడు.

"ఊదప్పా" అన్నాడు.

"సర్టిఫికెట్ తెచ్చినాను సామీ."

"దాన్ని తర్వాత సూస్తాం. ముందు ఊదు."

ఢిల్లీబాబు ఊదాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ ఏడిస్తే శ్రుతి తప్పుతుందని ఆపుకున్నాడు. మెట్ల కింద మోసేవాళ్ళు భుజం మార్చుకుంటుంటే ఒకే స్వరం పట్టుకుని నిలిచాడు. పదహారో భుజం సర్దుకునేదాకా వదల్లేదు. పక్కన జయరావు ఆ స్వరం తెగేదాకా డోలు వాయించడం ఆపలేదు.

మరుసటి వారం ట్రస్టు ఇంకో నిబంధన తెచ్చింది: యాభై ఐదు దాటిన డోలు వాద్యకారులు చెవి పరీక్ష చేయించుకుని రావాలి.