రాహుకాలానికి ముందే స్టార్ట్

ఆ సోమవారం పొద్దున్న కౌశిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి లాప్‌టాప్ ముందు కూర్చోవాలి, రిపోర్టు పూర్తి చెయ్యాలి, సాయంత్రానికి ఉద్యోగం పర్మనెంట్ అనిపించుకోవాలి. ప్రొబేషన్‌కు అదే ఆఖరి రోజు. ఉద్యోగం పోతే అతని వీసా, భార్య శ్రీసుధ వీసా, బర్ దుబాయ్‌లోని ఫ్లాటు, అన్నీ దానితోపాటే పోతాయి.

కౌశిక్ ప్రతి పనికీ టైము లెక్క పెడతాడు. లాప్‌టాప్‌లో తెరుచుకునే నల్ల తెర మీద స్టార్ట్ అని కొట్టి, పక్కన పని పేరు రాస్తాడు. లాప్‌టాప్ మూస్తే లెక్క ఆగుతుంది. మర్నాడూ అదే పనైతే పైబాణం మీట నొక్కితే చాలు, కిందటిసారి రాసిందే మళ్ళీ వస్తుంది. ఆఫీసు వేళల్లో నడిచిన లెక్క సాయంత్రం మేనేజర్ సుజిత్‌కు దానంతటదే వెళ్తుంది.

ఇంటి పనులకూ ఇదే వరస. ఆదివారం రాత్రి, విజిట్ వీసా మీద వచ్చిన తండ్రి వీరరాఘవరావుతో ఏసీ గురించి మాటా మాటా పెరిగింది. శ్రీసుధకు విసుగొచ్చింది. "ఈ గొడవను మాత్రం ఎందుకు వదిలేశారు? ఇదీ మీ లెక్కలో ఎక్కించండి!" అంది. కౌశిక్ పౌరుషానికి పోయి ఎక్కించాడు.

కొడుకు ఉద్యోగం గురించి వీరరాఘవరావుకున్న భయం కొడుక్కి కూడా లేదు. సోమవారం ఏడున్నరకే రాహుకాలం వచ్చేస్తుంది. అందుకని కౌశిక్ స్నానానికి వెళ్ళగానే ఆయన దేవుడికి దణ్ణం పెట్టుకుని, రోజూ చూస్తున్నదే గనుక, పైబాణం నొక్కి ఎంటర్ కొట్టాడు.

"మంచి ఘడియలో నేనే మొదలెట్టేశానురా. సాయంత్రం దాకా ఆపకు."

శుక్రవారం నాటి రిపోర్టు పేరే వచ్చి ఉంటుందనుకున్నాడు కౌశిక్. "సరే నాన్నా" అని, నల్ల తెరను పక్కకు నెట్టి పనిలో పడ్డాడు. మధ్యాహ్నం భోజనానికి లేస్తూ లాప్‌టాప్ మూయబోతే తండ్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నానికని ముహూర్తం ఆపుతారట్రా ఎవరైనా?"

సాయంత్రం సుజిత్‌కు రిపోర్టు చేరింది, వెనకే లెక్కా చేరింది. రోజంతా ఒకటే పని: తండ్రితో గొడవ. సుజిత్ కంగారుపడి హెచ్ఆర్‌లోని షగుఫ్తాకు చెప్పాడు. ఆమె ఫోన్ చేసేసరికి కౌశిక్ పాల కోసం కిందకు దిగాడు. ఫోన్ వీరరాఘవరావు ఎత్తాడు. ఇంట్లో అంతా క్షేమమేనా అని ఆమె హిందీలో ఎంతో మెత్తగా అడిగింది.

ఉన్నదున్నట్టు చెప్పడం ఆయనకు అలవాటు. వచ్చిన హిందీలోనే చెప్పాడు. "పొద్దుట్నుంచీ వాడు నాతో సరిగ్గా ఒక్క మాట మాట్లాడితే ఒట్టమ్మా. మధ్యాహ్నం ఆపబోయాడు. నేనే ఆపొద్దన్నాను."

కౌశిక్ పాలతో పైకి వచ్చేసరికి సుజిత్ వీడియో కాల్‌లో ఎదురుచూస్తున్నాడు. లెక్క తెరమీద కనబడింది. కౌశిక్ ఒకసారి లెక్క వంక, ఒకసారి తండ్రి వంక చూశాడు. తలుపు పక్కన శ్రీసుధ నిలబడింది.

"రిపోర్టు చూశాను. ఒక్క తప్పు లేదు" అన్నాడు సుజిత్. "మా నాన్న త్రిశ్శూరు నుంచి వచ్చి రెండు నెలలున్నారు. ఆయనతో గొడవపడుతూ నేను ఒక్క మెయిల్ కూడా సరిగ్గా రాయలేకపోయాను. నువ్వు రోజంతా గొడవపడుతూ ఇంత పని చేశావు! ఉద్యోగం పర్మనెంట్ చేస్తున్నాను."

కాల్ అయిపోయింది. శ్రీసుధ కళ్ళు తుడుచుకుంది. వీరరాఘవరావు గర్వంగా కండువా సర్దుకున్నాడు.

"చూశావుట్రా, ఘడియ బలం! రేపట్నుంచి రోజూ నేనే స్టార్ట్ చేస్తాను."

"వద్దు నాన్నా."

"ఏం? ఎందుకొద్దూ?"

కౌశిక్ పైబాణం నొక్కి ఎంటర్ కొట్టాడు.