ఐదు తువ్వాళ్ళు

ఫోను మోగేసరికి చిహాయా చూరు కింద ముల్లంగులు ఆరగడుతోంది. తాడుకు తొమ్మిది కట్టేసింది, పదోది చంకలో ఉంది. దాన్ని అలాగే ఉంచుకుని లోపలికి పరిగెత్తింది.

"మొమొసె వారిల్లేనా? నేను యజకిని, కప్పుల మేస్త్రీని. ఒకాయన వెనక్కి తగ్గాడు. సోమవారం నుంచి నాకు వారం ఖాళీ. మీది మొదలెట్టమంటారా?"

"మొదలెట్టండి మేస్త్రీగారూ. మేం వద్దన్నా మొదలెట్టండి," అంది చిహాయా, ముల్లంగిని గుండెకు హత్తుకుంటూ.

"సరే. ఈలోపు చుట్టుపక్కల ఇళ్ళకి ఓ మాట చెప్పుకోండి. పాత రేకులు పీకితే చప్పుడూ, తుప్పూ. తర్వాత నన్ను తిడతారు."

నవంబరు నెలలో చినో ఊళ్ళో కప్పు మేస్త్రీ తనంతట తాను ఫోను చేయడమంటే వెతకబోయిన తీగ కాలికి తగలడమే. యత్సుగతకె కొండలు మూడుసార్లు తెల్లబడితే ఆపైన మంచు వీధుల్లోకి దిగుతుందని అక్కడి లెక్క. అప్పటికి రెండుసార్లు తెల్లబడ్డాయి. చిహాయా, కోహెయ్ కాపురముంటున్నది కోహెయ్ నాయనమ్మ వదిలిపోయిన ఇల్లు. కప్పు రేకులు తుప్పు పట్టాయి. కింది చెక్కలు బొటనవేలితో నొక్కితే దిగిపోతున్నాయి. ఇంకో చలికాలం బరువు ఇది మోయదని యజకి వేసవిలోనే తేల్చేశాడు. మంచు పడేలోగా కప్పు మారకపోతే ఏప్రిల్ దాకా సువా ఊళ్ళో అత్తగారి రెండు గదుల వాటాలో తలదాచుకోవాలి. గదికీ గదికీ మధ్య కాగితపు తలుపు. అత్తగారికి నిద్ర తక్కువ, వినికిడి ఎక్కువ.

పెళ్ళయి నాలుగు నెలలు. పడకగదిలో మూడు గిన్నెల్లో చుక్కలు మూడు స్వరాల్లో పడుతుంటే, అదీ ఒక వైభోగమే అనుకునే దశలో ఉంది చిహాయా. ఆ వైభోగం కాగితపు తలుపు పక్కన సాగదని మాత్రం ఆమెకు తెలుసు.

భర్త ఊళ్ళో లేడు. పోయిన నెలాఖరు ఆదివారం కప్పు మీద నీలం పట్టా కడదామని ఎక్కి, జారి, పెరట్లో ముల్లంగి ఆకుల కుప్పలో పడ్డాడు. ఎదురింటి ఉషియామా తోకుఎ గారు చూసి అంబులెన్సు పిలిచింది. ఆవిడ ఆ వీధి సంఘానికి పెద్ద. పిలవని పేరంటం లేదు, తెలియని కబురు లేదు. ఆస్పత్రిలో నడుముకు ఒక పట్టీ వేసి పంపేశారు. కోహెయ్ సాయంత్రం టాక్సీలో వెనక సందులోంచి ఇల్లు చేరాడు. తెల్లవారుజామున మొదటి రైలెక్కి, ఆరు వారాల ఉద్యోగ శిక్షణ కోసం దూరాన క్యూషూకి వెళ్ళిపోయాడు. అంబులెన్సు ఎక్కడం వీధంతా చూసింది. దిగడం ఎవరూ చూడలేదు.

ఇంటి పని మొదలుపెట్టే ముందు ఎదురు మూడిళ్ళకీ, అటూ ఇటూ చెరో ఇంటికీ వెళ్ళి తలొక తువ్వాలు ఇచ్చి రావడం మర్యాద. తువ్వాలుకు కాగితం చుట్టి, కాగితం మీద ముడి బొమ్మ, కింద ఇంటిపేరు ఉండాలి. కొనడానికి చెప్పులేసుకోబోతూ చిహాయా అలమారా తెరిచింది. అట్టపెట్టెలో పది తువ్వాళ్ళు, చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. మొమొసె అని ఇంటిపేరు కూడా అచ్చయి ఉంది. అత్తగారి ముందుచూపుకు ఆమె మనసులోనే దండం పెట్టుకుంది. కాగితం మీది ముడి పండగల కాగితాల్లోలాగా ఎర్రగా లేదు. బూడిద రంగు ముడి, పక్కన లేతగా తామరపువ్వు. ఎంత సున్నితమైన అభిరుచి అనుకుంది.

ఆ కాగితం చావు ఇంటివాళ్ళు, పలకరించడానికి వచ్చినవాళ్ళకు తిరుగు కానుకగా ఇచ్చేది. రెండేళ్ళ కిందట నాయనమ్మ పోయినప్పుడు మిగిలిన పెట్టె అది. చిహాయా కవాసాకిలో ఏడో అంతస్తులో పెరిగింది. అక్కడ పక్కింటివాళ్ళు ఒకరికొకరు ఏదీ ఇచ్చుకోరు, చచ్చినా సరే.

ముందు తోకుఎ గారింటికి వెళ్ళింది. ఆవిడ తువ్వాలు అందుకుని, ముడి చూసి, చిహాయా ముఖం చూసింది. చిహాయా ముఖం వెలిగిపోతోంది.

"ఎప్పుడమ్మా?" అంది తోకుఎ నెమ్మదిగా.

"సోమవారం పిన్నిగారూ. ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి."

"సోమవారమా. మాకు ఒక్క మాటైనా చెప్పలేదే."

"ఇప్పుడే కదండీ తెలిసింది. మీకే ముందు చెబుతున్నాను."

"అంతా ఇంట్లోవాళ్ళ మధ్యే కానిచ్చేశారన్నమాట. ఈ కాలం పిల్లలు," అంది తోకుఎ, కళ్ళొత్తుకుంటూ. "ధైర్యంగా ఉన్నావు. ఉండాలి మరి."

తన ఇంటి కప్పు కోసం ఇంతలా కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి దొరకడం అదృష్టమని చిహాయాకు అనిపించింది. మిగతా నాలుగిళ్ళలోనూ అదే తంతు. అందరూ గొంతు తగ్గించారు. నడుములు మామూలుకంటే ఎక్కువ వంచారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆ వీధి మర్యాద.

మధ్యాహ్నం నుంచి వరస మొదలైంది. ఒకావిడ తెల్ల చేమంతులు, ఒకాయన అగరువత్తుల పెట్టె, ఇంకొకరు ఉడికించిన గుమ్మడికాయ తెచ్చారు. అగరువత్తులు నాయనమ్మ పూజమందసానికి అనుకుని చిహాయా అక్కడే పెట్టింది. చేమంతుల్లో సగం కోహెయ్ ఫోటో పక్కన పెట్టింది. ఊళ్ళో లేని మనిషికి రోజూ ఒక ముద్ద తీసి ఫోటో ముందు పెట్టే అలవాటు ఆమెది. అతనికి ఇష్టమైన వంకాయ కూరిన రొట్టె ఆ పూటా పెట్టింది. ఊరగాయ గిన్నె ఇవ్వడానికి వచ్చిన తోకుఎ గడపలోంచి ఆ ఫోటో, పూలు, రొట్టె చూసింది. చేతులు జోడించి అక్కడే కూలబడింది.

"మంచి పిల్లాడు," అంది. "ఎక్కడం ఒక్కటే రాదు."

"అదేనండీ, నేనూ అదే అంటాను," అంది చిహాయా నవ్వుతూ.

ఆ నవ్వు చూసి తోకుఎ గుండె చెరువైంది. పిల్లకు మతి చలించిందని సాయంత్రానికి వీధి తీర్మానించింది.

సోమవారం యజకి రాలేదు. మంగళవారమూ రాలేదు. పనివాణ్ణి తొందరపెడితే అలిగి పోతాడని కోహెయ్ చెప్పి ఉన్నాడు కనక చిహాయా ఫోను చేయలేదు. బుధవారం పొద్దున్నే ఇనప గొట్టాల చప్పుడు వినబడి బయటికి పరిగెత్తింది. పరంజా లేస్తోంది, ఎదురింటికి. కాసేపట్లోనే తోకుఎ గారి కప్పు రేకులు ఊడి ముంగిట్లో పడసాగాయి.

పది గంటలకు పనివాళ్ళకు టీ ఇవ్వడం ఆనవాయితీ. ఎవరి పనివాళ్ళయితేనేం అనుకుని చిహాయా పళ్ళెంతో వీధి దాటింది.

"మేస్త్రీగారూ, ఇది అయ్యాక మాదేనా?"

యజకికి డెబ్బై ఏళ్ళు. టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

"నలభై తొమ్మిది రోజులు వెళ్ళనివ్వు తల్లీ. అప్పటిదాకా ఆ ఇంటి కొప్పు మీద నేను చెయ్యి వెయ్యను. మా నాన్నా వెయ్యలేదు, వాళ్ళ నాన్నా వెయ్యలేదు."

చెక్క ఆరడానికి పట్టే గడువు కాబోలనుకుంది చిహాయా. లెక్క వేస్తే డిసెంబరు దాటేలా ఉంది. ఇంటికి రాగానే భర్తకు ఫోను చేసింది.

"నలభై తొమ్మిదా?" అన్నాడు కోహెయ్. "అలాగే అన్నాడా?"

"కొప్పు మీద చెయ్యి వెయ్యనన్నాడు. పాపం పిన్నిగారైతే రోజూ వచ్చి నీ ఫోటోకి దండం పెట్టి వెళ్తోంది."

"చిహాయా. పోయినవాళ్ళు నలభై తొమ్మిది రోజులు ఇంటి కొప్పు మీదే కూర్చుని ఉంటారని మా నాయనమ్మ అనేది. నువ్వు ఏ తువ్వాళ్ళు పంచావు?"

"అలమారాలోవి. ఎంత బావున్నాయో. బూడిద రంగు ముడి..."

చిహాయా తన మాట తనే విని ఆగిపోయింది. నువ్వు చెబితే ఎవరూ నమ్మరు, నేనే వచ్చి కనబడతానన్నాడు కోహెయ్.

శుక్రవారం మధ్యాహ్నం కోహెయ్ సెలవు పెట్టి దిగాడు. ఈసారి వెనక సందులోంచి రాలేదు. పెట్టె దొర్లించుకుంటూ నడివీధిలో నడిచాడు. అగరువత్తులాయన చీపురు వదిలేశాడు. గుమ్మడికాయావిడ లోపలికి పోయి గడియ పెట్టుకుంది. తోకుఎ గారి కొప్పు మీద యజకి సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే కిందికి చూశాడు. తర్వాత ఎదురింటి కొప్పు వంక చూశాడు. అక్కడ ఎవరూ కూర్చుని లేరు.

"మేస్త్రీగారూ, నేను పైన లేను. ఇక్కడున్నాను," అన్నాడు కోహెయ్.

యజకి నిచ్చెన దిగడానికి చాలాసేపు పట్టింది. "బతికున్నావా నాయనా. సంతోషం," అన్నాడు. "కానీ ఏం చెయ్యను, ఇది విప్పేశాను. తెరిచిన కప్పు వదిలి పోలేను కదా. ఈ ఇంటి పాత రేకులకు ఇంకా పదేళ్ళు ఢోకా లేదు, అదే నా బాధ. ఆవిడ అడిగింది, విప్పాను. ఆదివారం దాకా దీనికే సరిపోతుంది. ఆ తర్వాత..." అంటూ గడ్డంతో కొండల వైపు చూపించాడు.

యత్సుగతకె ఆ పొద్దున్నే మూడోసారి తెల్లబడింది.

అప్పటికి తోకుఎ బయటికి వచ్చింది. ముఖంలో బెదురు పోయి, దాని స్థానంలో కోపం కుదురుకుంటోంది.

"నీ మంచికే మేస్త్రీగారికి నేను ఫోను చేశానమ్మా. దుఃఖంలో ఉన్న పిల్ల నెత్తిన సుత్తి మోతలెందుకని. ఆయన వారం వృథా పోకూడదని మా ఇంటికి పట్టుకున్నాను. నా కోసమా?"

"కాదు పిన్నిగారూ," అంది చిహాయా.

"ఎవరూ పోలేదని మీరు ముందే చెప్పొద్దూ? ఐదిళ్ళవాళ్ళం ఏడ్చాం. ఇప్పుడా ఏడుపు ఎక్కడ పెట్టుకోవాలి?"

"తప్పయిపోయిందండీ," అంది చిహాయా.

"బతికున్నాడు, మంచిదే. కాదనను. కానీ పద్ధతి అంటూ ఒకటి ఉంటుంది," అని తోకుఎ తలుపు వేసుకుంది. ఆ తలుపు పైన చూరుకు కొత్త రేకుల చివర్లు ధగధగలాడుతున్నాయి. చాలా మంచి రేకులు. చిహాయా వేసవిలో నమూనా చూసి ఎంచుకున్న ముదురు నీలం రంగువే.

తమ ఇంట్లో ఆ ఇద్దరూ, కింద వేడి పెట్టిన పొట్టి బల్ల దుప్పటిలో కాళ్ళు పెట్టుకుని, మొన్న మళ్ళీ వచ్చిన చావు గుమ్మడికాయ తిన్నారు. బాగా ఉడికింది. తీపిగా ఉంది. కోహెయ్ తన ఫోటోను బోర్లించాడు, చిహాయా మళ్ళీ నిలబెట్టింది.

"నన్ను తలుచుకుని ఎవరు ఎక్కువ ఏడ్చారు?" అన్నాడు.

"పిన్నిగారే."

"అనుకున్నాను," అని గుమ్మడికాయ ఇంకో ముక్క తీసుకున్నాడు. కాసేపాగి, "రేపు పొద్దున్న తొమ్మిదింటికి బయల్దేరదాం. ముందు ఐదిళ్ళకీ వెళ్ళి, బతికున్నందుకు క్షమించమని అడుగుదాం. అటునుంచటే అమ్మ దగ్గరికి. పరుపులు నేను సర్దుతాను, తువ్వాళ్ళ సంగతి నువ్వు చూడు," అన్నాడు.

పెట్టెలో ఇంకా ఐదు తువ్వాళ్ళున్నాయి. చిహాయా ఈసారి సొంత తెలివికి పోకుండా బజారులో కాగితాల దుకాణానికి ఫోను చేసి, మనిషి చచ్చిపోనందుకు ఏ ముడి వాడాలని అడిగింది. అలాంటి సందర్భానికి తాము కాగితం అచ్చు వేయమని వాళ్ళు ఎంతో మర్యాదగా చెప్పారు.