నెత్తుటి గడ్డకు సగం తరుగు

ఈ దేశంలో కొలత లేకుండా ఏదీ ఉండరాదని పెద్దలు ఏనాడో నిర్ణయించారు. వడ్లకు తేమ కొలుస్తాం, బోధన్ చెరుకుకు తూకం వేస్తాం. మనిషి తలలో కారిన నెత్తురు ఒక్కటే ఇన్నాళ్లూ అదుపు లేకుండా తిరిగింది. ఆ లోటు తీర్చడానికి నిజామాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో కపాల కొలతల పర్యవేక్షణాధికారి అనే పదవి సృష్టించి చక్రవర్తి గారిని కూర్చోబెట్టారు. (కుర్చీ ఇంకా రాలేదు.)

మోస్రా ఊరి రైతు రామ్‌దాస్‌కు మెదడులో నరం చిట్లితే అక్కడికే తెచ్చారు. డాక్టర్ ఉదయలక్ష్మి స్కాన్ చూశారు. గడ్డ పొడవు అయిదు సెంటీమీటర్లు, వెడల్పు నాలుగు, ఎత్తు రెండు పాయింట్ ఎనిమిది. మూడూ గుణించి సగం చేస్తే ఇరవై ఎనిమిది మిల్లీలీటర్లు. ముప్పై దాటితే పుర్రె తెరవాలి, దాటకపోతే మందులతో చూడాలి. అక్కడి పద్ధతి అది.

రామ్‌దాస్ భార్య హన్మవ్వ లెక్కంతా విన్నది. ఏటా వడ్ల కొనుగోలు కేంద్రంలో తాలు అని, తేమ అని బస్తా బస్తాకూ తరుగు ఇచ్చుకున్న మనిషి.

"గుణిస్తే యాభై ఆరు గదా మేడం. సగం యాడవోయింది?"

"గడ్డ ఇటుకలా ఉండదమ్మా, కోడిగుడ్డులా ఉంటుంది. అందుకే సగం తీసేస్తాం."

"కేంద్రంల గూడ గిట్లనే చెప్తరు. ఆడ బస్తాకు రెండు కిలోలే. గీడ సగానికి సగమా? మా ఆయన నెత్తురుల తాలు లేదు మేడం."

ఫిర్యాదు చక్రవర్తి గారి దగ్గరికి వెళ్లింది. ఆయన రైతు పక్షపాతి. ముందు తేమ చూడాలన్నారు. పదిహేడు శాతం దాటకూడదు. (సరుకు నెత్తురు కావడంతో దాటింది.) అయినా మానవతా దృక్పథంతో తరుగును సగం నుంచి పావుకు తగ్గిస్తూ సంతకం చేశారు. గడ్డ నలభై రెండుకు పెరిగింది. హన్మవ్వ జీవితంలో తరుగు మీద గెలవడం అదే మొదటిసారి.

"మంచిదమ్మా," అన్నారు ఉదయలక్ష్మి. "నలభై రెండంటే ముప్పై దాటినట్టే. ఇక ఆయన పుర్రె తెరవాలి."

హన్మవ్వ మంచం దగ్గరికి వెళ్లి భర్త తల మీద చెయ్యి పెట్టింది. చాలా భయపడింది.

"సగం తరుగే ఉండనీయుండ్రి మేడం," అంది మెల్లగా. "కావాలంటే ఇంకింత తీస్కోండ్రి."

చక్రవర్తి గారు నొచ్చుకుంటూనే తన సంతకాన్ని కొట్టేసి, పాత సగం తరుగే ఉంచారు. మందులు పనిచేశాయి. రెండు వారాల తర్వాత స్కాన్ తీస్తే గడ్డ పన్నెండుకు దిగింది. రామ్‌దాస్ లేచి కూర్చుని, చాయ్‌లో చక్కెర తక్కువైందని భార్యతో కొట్లాడాడు. హన్మవ్వ సంతోషంతో ఏడ్చింది.

తరుగు వల్ల రైతు బాగుపడిన దాఖలా అంతకుముందు ఎక్కడా లేనందున, పొరపాటు ఎవరిదో తేల్చమని చక్రవర్తి గారికి పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి.