చచ్చాక వైద్యం గ్యారంటీ

బుడమేరు వాగు పొంగి మా ఇళ్లలోకి వచ్చిన ఏడాది నాకో సంగతి తెలిసింది. మంచి వైద్యం కావాలంటే ముందు చచ్చిపోవాలి!

నవ్వకండి. సొంత కాలితో తెలుసుకున్నాను. ఆ మురుగు నీళ్లలో నడుస్తుంటే ఇనప రేకు కాలికి కోసుకుంది. నీళ్లు పోయాయి, పుండు పోలేదు. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్తే, డాక్టరుగారు తలెత్తకుండానే బిళ్లలు రాసేశారు. ఆయన తప్పేముంది? వెనకాల హనుమాన్ జంక్షన్ దాకా క్యూ!

మళ్లీ వెళ్లినప్పుడు చెప్పు విడిచి, కాలు కాస్త పైకెత్తి చూపించాను.

"తాతా, మర్యాద!" అంది నర్సు.

బయటికొస్తుంటే గోడ మీద దేహదానం బోర్డు కనిపించింది. కూడబలుక్కుని చదివాను. పోయాక శరీరం ఇస్తే స్టూడెంట్లు చుట్టూ చేరి నరం నరం పరీక్ష చేస్తారట! టోకెన్ లేదు. 'రేపు రా' లేదు. స్కానింగ్ మిషన్ పాడైందనేవాడు లేడు. పైగా చల్లటి గది! ఇంత సుఖం పెట్టుకుని జనం ఇంకా ఎందుకు బతుకుతున్నారో నాకు అర్థం కాదు.

అక్కడికక్కడే పేరు రాయించేశాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ అమలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"పునరుత్థానం రోజున ప్రభువు పిలిస్తే ఎట్టా లేస్తావయ్యా? ముక్కలుగానా?"

"కుట్టి ఇస్తార్లే."

"మరి ఈ కాలో?"

"ముందు దాన్నే చూస్తారు."

ఆవిడ వంగి నా కాలు పట్టుకుంది. "అప్పటిదాకా ఇది ఉంటదా? వేళ్లు నల్లబడతన్నాయి గదయ్యా!" అంది.

కాలు వెనక్కి లాక్కున్నాను.

మర్నాడు పొద్దున్నే ఓపీ దాటుకుని, తిన్నగా కాలేజీలో శవాలు తీసుకునే విభాగానికి వెళ్లాను. బెంచీ మీద కాలు చాపుకుని కూర్చున్నాను. గుమాస్తా వచ్చాడు.

"ఎవరి బాడీ అండీ?"

"నాదే."

"బతికే ఉన్నారుగా!"

"అదేనండీ వచ్చిన చిక్కు. ఎప్పటికైనా మీకు రావాల్సిన సరుకు. పాడవకముందే ఒకసారి చూసుకోండి."

ఆయన నిజంగానే వంగి చూశాడు. ముక్కు మూసుకున్నాడు.

"ఇట్టా కుళ్లిన బాడీలు మేం తీసుకోమండీ. ముందు డాక్టరుకి చూపించుకోండి."

నేను లేవలేదు.

"మీ బాడీయే కదండీ," అన్నాను. "మీరే చూపించండి."